వేపచెట్టు నీడలో ఆర్కిడ్

ఈమధ్య జరిగే పెళ్లిళ్లలో వేదిక మీద బంతి, చామంతి, లిల్లీ పూల నడుమ పొడవాటి కాడకు వరుసగా అమరిన ఊదారంగు పూలను మన పాఠకులలో చాలామంది చూసే ఉంటారు. వాటి పేరు ఆర్కిడ్. కాడ తెంపిన తరువాత కూడా వారం పది రోజులు వాడకుండా నిలిచే పూలవి. కర్నూలులోనో కడపలోనో వాటిని ముట్టుకొని చూసిన గృహిణి, “ఇవి ఊటీ, బెంగళూరు పూలు, మన ఎండకు బ్రతకవు” అనుకోవడం సహజమే. ఈ మాటలో సగం నిజముంది, సగం లేదు.

మన సీమ కుటుంబాలకు ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది, మే నెలలో 42, 43 డిగ్రీల ఎండ కాసే ఊళ్లో ఈ మొక్క నిలుస్తుందా? రెండవది ఇంకా ముఖ్యమైనది. బోర్లు ఎండిపోయి, ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకొనే ఇంట్లో ఒక పూలమొక్క కోసం నీళ్లు ఖర్చు చేయడం న్యాయమా? ఈ రెండింటికీ జవాబు దొరికిన తరువాతనే పెంపకం సంగతి మాట్లాడుకోవడం మంచిది.

మన కొండలలోనే ఉన్నది

ఆర్కిడ్ పరాయి దేశపు మొక్క అన్న మాట సరికాదు. ప్రపంచంలో ఆర్కిడ్ కుటుంబంలో ఇంచుమించు 28,000 జాతులుండగా, భారతదేశంలోనే సుమారు 1,250 జాతులున్నాయి. ఎక్కువ భాగం ఈశాన్య రాష్ట్రాలలోనూ పడమటి కనుమలలోనూ పెరుగుతాయన్నది నిజమే. అయితే కొన్ని జాతులు మన నల్లమల అడవిలోనూ, కడప నుండి తిరుపతి వైపు సాగే శేషాచలం కొండలలోనూ చెట్ల కొమ్మలను అంటిపెట్టుకొని జీవిస్తున్నాయి. వాటిలో ముఖ్యమైనది వందా టెస్సలేటా.

దీనిని గుర్తుపట్టడం కష్టం కాదు. జానెడు పొడవున, సన్నగా, మధ్యలో మడిచినట్లు ఉండే గట్టి ఆకులు కాండానికి రెండు వైపులా ఎదురెదురుగా పేర్చినట్లుంటాయి. కాండం నుండి చిటికెనవేలు లావు వరకు ఉండే తెల్లని వేళ్లు బయటికి వచ్చి కొమ్మ బెరడును పట్టుకుంటాయి. కొన్ని గాలిలోనే వ్రేలాడుతుంటాయి. ఎండాకాలంలోనూ తొలకరి రోజులలోనూ పూస్తుంది. రేకుల మీద పసుపు, గోధుమ రంగులలో గళ్ల బట్టను పోలిన గీతలుంటాయి, నడిమి పెదవి ఊదా రంగులో ఉంటుంది. మంచి వాసన కూడా ఉంది. వందా అనేది సంస్కృతం నుండి తీసుకున్న పేరే. చెట్టు మీద పెరిగే చెట్టు అని దాని భావం.

బదనిక అని కొట్టివేయవద్దు

ఇక్కడ తోటల రైతులకు ఒక మాట. మామిడి కొమ్మ మీద మరొక మొక్క కనబడితే దానిని బదనిక అని కోసివేయడం మన అలవాటు. నిజమైన బదనిక తన వేళ్లను మామిడి కొమ్మలోనికి దించి, చెట్టు తాగే నీటిని తాను తాగివేస్తుంది. దాని పై కొమ్మ క్రమంగా ఎండుతుంది. దానిని కొమ్మతో సహా కోయవలసిందే. వందా ఆర్కిడ్‌ను కూడా కొన్నిచోట్ల బదనిక అనే పిలవడం వల్ల దానికీ అదే శిక్ష పడుతోంది.

ఆర్కిడ్ వేరు బెరడు పైపైనే ప్రాకుతుంది, లోపలికి దిగదు. వాన నీటినీ, గాలిలోని తేమనూ, బెరడు మీద చేరిన ఆకు పొడినీ తీసుకొని బ్రతుకుతుంది. ఇల్లు అద్దెకు తీసుకున్నవాడు గోడకు మేకు కొట్టకుండా కాపురం చేసినట్లు అది చెట్టు మీద ఉంటుంది. ఒక చిన్న పరీక్ష ఉన్నది. మొక్క మొదలు పట్టుకొని చూడండి. కొమ్మ ఉబ్బి, రెండూ ఒకటిగా కలిసిపోయి ఉంటే అది బదనిక. తెల్లని వేళ్లు బెరడు మీద త్రాళ్లవలె ప్రాకి ఉంటే అది ఆర్కిడ్. దానిని ఉండనీయండి. చెట్టుకు నష్టం లేదు.

చరిత్రలో ఒక పుట

ఈ పువ్వుకు తెలుగు నేలతో రెండు వందల ఏండ్లకు మించిన అనుబంధమున్నది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దగ్గర చదువుకున్న యోహాన్ కోనిగ్ అనే వైద్యుడు 1768లో తరంగంబాడి మిషనుకు వచ్చి, రోగులను చూస్తూనే దక్షిణ దేశపు మొక్కలను పరిశీలించాడు. ఆయన 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో కన్నుమూశాడు. అప్పుడు సామర్లకోటలో పనిచేస్తున్న విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు మిత్రుడు. రాక్స్‌బర్గ్ మన తీరప్రాంతపు మొక్కలను భారతీయ చిత్రకారుల చేత గీయించాడు. ఆ బొమ్మలతో 1795లో లండనులో వెలువడడం ప్రారంభించిన గ్రంథంలోనే ఈ గళ్ల ఆర్కిడ్ మొదటిసారి శాస్త్రలోకానికి పరిచయమైంది.

రాక్స్‌బర్గ్ 1815లో చనిపోయినప్పుడు ఆయన వ్రాసిన భారతదేశ వృక్షాల గ్రంథం ఇంకా అచ్చుకాలేదు. దానిని 1820లో శ్రీరాంపూరు ముద్రణశాలలో అచ్చువేయించడం మొదలుపెట్టినవారు విలియం కేరీ. 1818లో తెలుగు క్రొత్త నిబంధనను అచ్చువేసిన ముద్రణశాల అదే. కేరీగారు శ్రీరాంపూరులో స్వయంగా పెద్ద తోట పెంచారు. 1820లోనే రైతుల మేలు కోరి వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని స్థాపించారు. బైబిలు అనువాదం చేసిన చేతులే మొక్కలకు నీళ్లు పోశాయి. మొక్కలను ప్రేమించడం తీరిక ఉన్నవారి పని అని ఆయన ఎన్నడూ తలచలేదు.

ఎండను ఎలా తట్టుకుంటుంది?

కొమ్మ మీద ఉండే మొక్కకు మట్టి లేదు, నీటి నిల్వ లేదు. వాన వచ్చినప్పుడు తాగాలి, రానప్పుడు ఓర్చుకోవాలి. అందుకు తగిన ఏర్పాట్లు దానికున్నాయి.

వేరు చుట్టూ తెల్లని దూదివంటి పొర ఉంటుంది. నీరు తగలగానే స్పాంజివలె పీల్చుకొని, ఆకుపచ్చగా మారుతుంది. ఎండినప్పుడు మళ్లీ తెల్లబడుతుంది. కనుక మొక్కకు నీరు కావాలో వద్దో వేరి రంగే చెబుతుంది.

రెండవది, వందా, ఫలెనాప్సిస్ వంటి ఆర్కిడ్లు పగటివేళ ఆకుల రంధ్రాలను చాలావరకు మూసుకొని, రాత్రి చల్లబడిన తరువాత తెరిచి గాలి పీల్చుకుంటాయి. మన పొలం గట్ల మీది బ్రహ్మజెముడు, ఇంటి ముందరి కలబంద కూడా ఇదే పద్ధతి పాటిస్తాయి. పగటి ఎండలో నీరు ఆవిరి కాకుండా ఇది కాపాడుతుంది. డెండ్రోబియం అనే రకం చెరకు గడవంటి లావైన కాండంలో నీటిని దాచుకుంటుంది.

అంటే ఆర్కిడ్ కరువును ఎరుగని మొక్క కాదు. దానికి గిట్టనివి నేరుగా తగిలే మధ్యాహ్నపు ఎండ, ఎండిన వడగాలి, ఉప్పు నీరు. సీమలో ఈ మూడూ ఉన్నాయి. వీటి నుండి కాపాడితే చాలు.

ఏ మొక్క కొనాలి?

మొదటిసారి పెంచేవారికి డెండ్రోబియం మంచిది. పెళ్లి వేదికల మీద చూసే ఊదారంగు పూలు ఎక్కువగా దీనివే. వేడిని బాగా ఓర్చుకుంటుంది. కొంత అనుభవం వచ్చిన తరువాత వందా పెంచవచ్చు. సీతాకోక చిలుక ఆకారంలో పెద్ద పూలు పూసే ఫలెనాప్సిస్ అంగడిలో అందరినీ ఆకర్షిస్తుంది గాని, దానికి 32 డిగ్రీలు దాటితే ఇబ్బంది. సిమెంటు మిద్దె ఇంట్లో దానిని కాపాడడం కష్టం. సింబీడియం పూయాలంటే చలి రాత్రులు చాలా కావాలి, మన ప్రాంతానికి అది పనికిరాదు.

పూల మీద మోజుతో కాక, వేళ్లను చూసి కొనండి. గట్టిగా, తెల్లగా లేక పచ్చగా ఉన్న వేళ్లు మంచివి. నల్లబడి, నొక్కితే నీరు కారేవి కుళ్లినవి. రోజు కూలి డబ్బుకు సమానమైన వెల పెట్టి కొనేటప్పుడు ఈమాత్రం పరీక్ష అవసరం. మే నెలలో కొనవద్దు. జూలై నుండి అక్టోబరు లోపల తెచ్చుకుంటే ఎండాకాలం వచ్చేసరికి మొక్క ఇంటికి అలవాటు పడుతుంది.

చోటు, నీడ

తూర్పు వసారా అన్నిటికంటె మేలు. ఉదయం తొమ్మిది గంటల వరకు లేత ఎండ తగిలి, తరువాత నీడ ఉండాలి. ఉత్తరపు వైపు కూడా ఫరవాలేదు. పడమటి గోడ దగ్గర మాత్రం పెట్టవద్దు.

వేపచెట్టు నీడ మంచిదే. అయితే ఫిబ్రవరి, మార్చి నెలలలో వేప ఆకు రాలుస్తుందని మరువకండి. సరిగ్గా ఎండలు ముదిరే వేళకు నీడ పలచబడుతుంది. ఆ రోజులలో కొమ్మకు ఆకుపచ్చని నీడవల కట్టండి. డెండ్రోబియంకు సగం ఎండను ఆపే వల చాలు. ఏప్రిల్, మే నెలలలో మరొక పొర వేయండి.

మన ఇళ్ల ముందర నాపరాళ్లు, కడప బండలు పరచి ఉంటాయి. మధ్యాహ్నానికి అవి పెనమువలె కాలి, సాయంత్రం వరకు సెగ వదులుతుంటాయి. కుండీలను వాటిమీద పెట్టక, చెక్క బల్ల మీద పెట్టండి, లేదా దూలానికి వ్రేలాడదీయండి. పడమటి వైపు ఒక గోనెపట్టా కట్టి దానిమీద నీళ్లు చల్లితే వడగాలి కొంత చల్లబడి వస్తుంది. వెడల్పాటి పళ్లెంలో ఇసుక పోసి, అంట్లు కడిగిన మొదటి నీళ్లు కాక చివరి తేట నీళ్లు దానిలో పోయండి. కుండీ అడుగు ఆ నీటిని తాకకుండా రెండు ఇటుకల మీద నిలపండి. ఆ తేమ మొక్క చుట్టూ ఉంటుంది. కరివేపాకు, క్రోటను కుండీలను దగ్గరగా చేర్చినా తేమ నిలుస్తుంది.

కుండీలో ఏమి వేయాలి?

మట్టి వేయవద్దు. మట్టి గాలిని ఆపి వేళ్లను కుళ్లబెడుతుంది. మొదటి ఆర్కిడ్ చాలామంది ఇళ్లలో చనిపోవడానికి కారణమిదే.

ప్రక్కన కూడా రంధ్రాలున్న మట్టి కుండీ తీసుకోండి. కూజాలో నీరు చల్లబడినట్లే, తడిసిన మట్టి కుండీ వేళ్లను చల్లగా ఉంచుతుంది. కట్టె బొగ్గు ముక్కలు రెండు పాళ్లు, కొబ్బరి డొక్క ముక్కలు ఒక పాలు, పెంకుల ముక్కలు ఒక పాలు కలిపి నింపండి. కొబ్బరి ముక్కలను మూడు రోజులు నానబెట్టి, రోజూ నీరు మార్చి, అందులోని ఉప్పు పోయిన తరువాతనే వాడాలి. ఎండ ఎక్కువ కనుక, మన ప్రాంతంలో కొబ్బరి పాలు కొద్దిగా పెంచినా తప్పులేదు.

నాపరాయి ముక్కలు చౌకగా దొరుకుతున్నాయని కుండీలో వేయకండి. అవి సున్నపురాళ్లు. తడిసినకొద్దీ సున్నం వదిలి, పులుపు కొద్దిగా ఉండే నీటిని కోరే ఈ మొక్కకు హాని చేస్తాయి.

నీళ్ల లెక్క

ఇప్పుడు మనం వేసుకున్న రెండవ ప్రశ్నకు వద్దాం. ఒక కుండీకి ఒకసారి అరలీటరు నీరు చాలు. ఐదు కుండీలకు రోజుకు రెండున్నర లీటర్లు. పది లీటర్ల బిందె నాలుగు రోజులు వస్తుంది. అదీ ఎండాకాలం లెక్క. చలికాలంలో మూడు నాలుగు రోజులకు ఒకసారి పోస్తే సరి. కుండీ నుండి కారిన నీటిని క్రింద గిన్నె పెట్టి పట్టి కరివేపాకు చెట్టుకు పోయవచ్చు. బొట్టు కూడా వృథా కాదు. కరువు ముదిరి త్రాగునీటికే ఇబ్బంది అయినప్పుడు మాత్రం మనుషులూ పశువులూ ముందు. అట్టి రోజులలో మొక్కను బాగా నీడలోకి జరిపి, రెండు మూడు రోజులకొకసారి తడిపితే పూయకపోయినా ప్రాణంతో ఉంటుంది.

నీటి పరిమాణం కంటె నీటి గుణమే మన సీమలో అసలు చిక్కు. అనేక గ్రామాలలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీరు పోస్తే కొన్ని నెలలలోనే కుండీ అంచుకు తెల్లని సుద్ద పట్టి, ఆకుల కొనలు నల్లబడి, వేళ్లు మాడిపోతాయి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు నీళ్ల ప్లాంటులలో ఉంటుంది. ఆ అంకె 200 లోపుంటే మంచిది. 500 దాటితే ఆర్కిడ్‌కు వాడవద్దు. ఇంట్లో నీటి ఫిల్టరు ఉన్నవారు, అది బయటికి వదిలే నీటిని ఎంతమాత్రం పోయకూడదు. బోరులో ఉన్నదానికంటె అందులో ఉప్పు ఎక్కువ.

అన్నిటికంటె శ్రేష్ఠమైనది వాన నీరు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల రేకుల కప్పు మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే సుమారు 90 లీటర్లు వస్తాయి. ఆ నీరు ఐదు కుండీలకు నెల రోజులకు పైగా సరిపోతుంది. ఆగస్టు నుండి నవంబరు వరకు పడే వానలలో మొదటి జల్లును వదిలివేసి, తరువాతి నీటిని డ్రమ్ములో పట్టి, దోమలు చేరకుండా మూతికి పలుచని గుడ్డ కట్టండి.

ఉదయం ఏడు గంటల లోపల నీరు పోయాలి. వేళ్లు పచ్చబడే వరకు నిదానంగా పోయండి. ఆకుల నడుమ గుంటలో నీరు నిలిస్తే కుళ్లు వస్తుంది, గుడ్డతో అద్దివేయండి. ఏప్రిల్, మే నెలలలో సాయంత్రం ఎండ తగ్గిన తరువాత వేళ్ల మీద మరొకసారి చిలకరించండి. మధ్యాహ్నం మాత్రం వద్దు.

ఎరువు, పురుగు

రైతు ఇళ్లలో 19:19:19 ఎరువు ఉండనే ఉంటుంది. లీటరు మంచి నీటికి అర గ్రాము మాత్రం కలిపి, జూన్ నుండి ఫిబ్రవరి వరకు వారానికొకసారి పోయండి. ముందు వట్టి నీటితో వేళ్లు తడిపిన తరువాతే ఎరువు నీరు పోయాలి. ఎండలు ముదిరినప్పుడు ఆపివేయండి. నెలకొకసారి వట్టి నీటిని ధారాళంగా పోసి కుండీలో పేరిన ఉప్పును కడిగివేయండి. పచ్చి పేడ వేయవద్దు.

ఎండాకాలంలో ఆకుల అడుగున కంటికి ఆననంత చిన్న నల్లి చేరి ఆకు వెండి రంగుకు తిరుగుతుంది. ఆకు అడుగును నీటితో కడిగితే చాలావరకు పోతుంది. పిండినల్లి కనబడితే దూదితో తుడిచి, లీటరు నీటికి మూడు నాలుగు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం వేళ చల్లండి. పత్తికీ మిరపకూ కొట్టే మందులను ఇంటి వసారాలో వాడకండి. పసిపిల్లలు తిరిగే చోటది.

డెండ్రోబియం పూసిన తరువాత ఆకులు రాలిన పాత గడను ఎండిందని కోయవద్దు. కొత్త పిలకకు నీరూ ఆహారమూ దానిలోనే ఉంటాయి. రెండేండ్లకొకసారి, తొలకరి రోజులలో కుండీ మార్చితే చాలు.

అడవి నుండి తేవద్దు

చివరగా ఒక గట్టి మాట. అడవిలో ఉచితంగా దొరుకుతుండగా డబ్బెందుకని కొందరికి తోచవచ్చు. రిజర్వు అడవి నుండి మొక్కలు తేవడం చట్టప్రకారం నేరం. అంతకంటె పెద్ద కారణం ఇంకొకటి ఉంది.

ఆర్కిడ్ కాయలో విత్తనాలు వేలు, లక్షలు ఉంటాయి గాని ధూళివలె సన్నగా ఉంటాయి. గింజలో పప్పు ఉన్నట్లు వాటిలో ఆహారం ఉండదు. గాలికి ఎగిరి, తగిన బెరడు మీద పడి, అక్కడ ఒక జాతి బూజు దానికి ఆహారం అందిస్తేనే మొలకెత్తుతుంది. లక్షలలో ఏ ఒకటో రెండో నిలుస్తాయి. అవి పూయడానికి మళ్లీ ఎన్నో ఏండ్లు పడుతుంది. కొమ్మ నుండి పీకినప్పుడు వేళ్లు తెగిపోతాయి కనుక ఇంటికి తెచ్చిన మొక్క కూడా తరచుగా చనిపోతుంది. రాస్నా అనే పేరుతో వందా వేళ్లను మందులకు త్రవ్వుకొనిపోవడం కూడా ఈ మొక్కను తగ్గించివేస్తోంది.

అమెరికాలో లూయిస్ నడ్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1922లో పంచదార కలిపిన పోషక పదార్థం మీద, బూజు సహాయం లేకుండానే, ఆర్కిడ్ విత్తనాలు మొలిపించే పద్ధతి కనుగొన్నాడు. నేడు నర్సరీలలో అమ్మే మొక్కలు అట్టి ప్రయోగశాలలలో సీసాలలో పుట్టినవే. అడవిని ముట్టుకోకుండా ఇంటికి పువ్వు తెచ్చుకొనే దారి దొరికింది. ఆ దారినే నడుద్దాం. గాలివానకు విరిగిపడిన మీ సొంత తోటలోని కొమ్మ మీద ఆర్కిడ్ ఉంటే మాత్రం, దానిని ఎండనీయక, వేళ్లు తెగకుండా తీసి, పక్క మామిడి కొమ్మకు కొబ్బరి త్రాటితో కట్టి, వానాకాలమంతా తడుపుతూ ఉండండి. కొత్త వేళ్లు బెరడును పట్టుకున్న తరువాత త్రాడు విప్పివేయవచ్చు.

ఆర్కిడ్ తొందర ఎరుగని మొక్క. ఏడాదికి మూడు నాలుగు ఆకులు, రెండు మూడు వేళ్లు, ఒక పూలగెల. ఇంట్లో వసారాకే పరిమితమైన పెద్దవారికి ఉదయం వేళ వేళ్ల రంగు చూసి నీరు పోసే పని అప్పగించండి. మీటరు చూడడం, వాన నీరు పట్టడం పిల్లలు నేర్చుకుంటారు. ఈ మొక్కకు బలవంతులు అక్కరలేదు, మరువకుండా చూసేవారు కావాలి. అట్టివారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.